ప్రళయకావేరి తీరమున జనవాసములు

శ్రీహరికోట పేరు ఎరుగని బాలబాలికలు మన పాఠశాలలో ఉండరు. అంతరిక్ష పరిశోధన సంస్థ ప్రధాన కార్యాలయము మన బెంగుళూరుననే యుండుటయు దానికొక కారణము. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3 బయలుదేరినది ఆ దీవినుండియే. కాని ఆ దీవికి పడమట నున్న సరస్సును గూర్చియు, దాని యొడ్డున నివసించు కొలదిపాటి జనమును గూర్చియు మన పిల్లలకు తెలిసినది బహు స్వల్పము.

ఆ సరస్సు పులికాటు. తెలుగువారు దీనిని ప్రళయకావేరి యనియు, తమిళులు పళవేర్కాడు అనియు పిలిచెదరు. భారతదేశమునందలి ఉప్పునీటి సరస్సులలో చిలకసరస్సు తరువాత ఇదియే పెద్దది. ఉత్తర దక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు గలది. అధికభాగము ఆంధ్రప్రదేశమునను, దక్షిణపు కొన తమిళనాడునను ఉన్నవి. ఇంత పొడవు గలదని లోతును ఊహింపరాదు. పెక్కుచోట్ల మనిషి నడచి పోదగిన నీరే. ఈశాన్య ఋతుపవనముల వర్షములకు కాళంగి, ఆరణి నదులు నీటిని తెచ్చి పోయగా సరస్సు విస్తరించి, నీటి యుప్పదనము తగ్గును. వేసవి ముదిరిన కొలదిని ఉత్తరభాగము బురదమైదానమై, ఉప్పు పేరి తెల్లబడును. మిగిలిన నీరు సముద్రజలముకంటెను ఉప్పగా నుండును.

ఇట్టిచోట జనము పలుచగా నుండుటలో వింత లేదు. చవుడు నేలలో పైరు పండుట కష్టము. త్రాగునీటికి ఇసుకదిబ్బలలో ఊరు నీటిచెలమలే పూర్వము దిక్కు. తుపానుల భయము సరేసరి. తడ మండలములోని ఇరకము దీవికి తరతరములుగా పడవయే దారి. బియ్యపు మూటయైనను, పురిటి నొప్పులు పడు స్త్రీయైనను పడవనెక్కి రావలసినదే.

ఇరకమునందు తమిళము మాటలాడు కుటుంబములే ఎక్కువ. ఆంధ్రరాష్ట్రమున తమిళమును ఇంటిభాషగా నిలుపుకొన్నవారు వారు. కర్ణాటకమున తెలుగును నిలుపుకొనుచున్నవారము మనము. కనుక వారి సంగతి మనకు వేరుగ వివరింప నక్కరలేదు. తీరపు పట్టపువారు రెండు భాషలను ఎరుగుదురు. ఇచ్చటి తెలుగు పలుకుబడి యెట్టిదో తెలియగోరువారు స.వెం. రమేశ్‌గారి ‘ప్రళయకావేరి కథలు’ చదువవచ్చును.

ఇక శ్రీహరికోట. ఇది సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న ఇసుకదీవి. ఒకప్పుడు దట్టమైన అడవి. ఇచ్చటి వంటచెరకు బకింగ్‌హాం కాలువపై మదరాసునకు పోయెడిది. తేనె, దుంపలు, మూలికలు సేకరించుచు యానాదులు ఇచ్చట జీవించిరి. వీరిని గూర్చి వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో ఆంగ్లమున ఒక గ్రంథమునే ప్రకటించిరి. 1969లో ఈ దీవిని రాకెట్టు ప్రయోగములకు ఎన్నుకొనిరి. తూర్పున విశాలసముద్రము, భూమధ్యరేఖకు సామీప్యము, జనసాంద్రత తక్కువగా నుండుట అందులకు కారణములు. 1971 అక్టోబరు 9వ తేదీన మొదటి రాకెట్టు ఎగిరినది. మూడవ కారణమును మాత్రము మనము కొంచెము నిలిచి చూడవలెను. జనము తక్కువ యన్న జనము లేరని యర్థము కాదు. ఆ స్వల్పజనములో పెక్కు కుటుంబములు దీవిని విడిచి గట్టునకు చేరినవి. అడవియే తెలిసినవారికి గట్టున దొరకు కూలిపని ఎంతటి మార్పో గణించు లెక్క లేదు.

నేడు సరస్సున మిగిలినవారిని బాధించునది మొగల పూడిక. సముద్రపునీరు లోపలికి వచ్చు ద్వారమును ఇచ్చట మొగ యందురు. రాయదొరువు, తూపిలిపాళెము మొగలు ఆంధ్రభాగమున ముఖ్యమైనవి. అలలు తెచ్చు ఇసుక మేటవేసి మొగ మూసికొన్నచో సముద్రమునుండి రొయ్యపిల్లలు, చేపపిల్లలు లోనికి రావు. లోని నీరు మారదు. వల వట్టిదై వచ్చును. సూళ్లూరుపేటనుండి దీవికి సరస్సు మీదుగా వేసిన రహదారియు ఉత్తరభాగపు నీటి రాకపోకలను కొంత అడ్డినది. శీతకాలమున వచ్చు రాజహంసలను చూడ నగరములనుండి వేలకొలది జనులు పోవుదురు. ఆ పక్షులకు 2001 నుండి ఉత్సవమును కలదు. సూళ్లూరుపేట, తడ ప్రాంతములు నెల్లూరు జిల్లానుండి 2022లో తిరుపతి జిల్లాలోనికి వచ్చినవి. జిల్లా మారినను జాలరి అడుగు ప్రశ్న మారలేదు: ఈ యేడు మొగ తెరచియుండునా?