కంప్యూటర్ తాళం పడితే కంగారెందుకు?

పిల్లల పుట్టినరోజు ఫోటోలు, అమ్మాయి పెళ్ళి వీడియో, ఇంటి పన్ను రసీదులు... ఇవన్నీ ఇప్పుడు బీరువాలో కన్నా ల్యాప్‌టాప్‌లోనే ఎక్కువ ఉంటున్నాయి కదా! 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. దాంతో చాలా ఇళ్ళల్లో విండోస్ 11కి మార్చుకున్నారు. అలా మార్చాక ఒక్కోసారి తెరంతా నీలంగా మారి, 48 అంకెల 'రికవరీ కీ' కొట్టమని అడుగుతుంది. చూడగానే గుండె గుభేలుమంటుంది. భయపడకండి. మీ ఫోటోలు ఎక్కడికీ పోలేదు, తాళం పడిందంతే.

ఎందుకిలా అడుగుతుంది?

ల్యాప్‌టాప్‌ని దొంగ ఎత్తుకుపోయినా లోపలివి చదవలేకుండా చేసే తాళం పేరు బిట్‌లాకర్. చాలా ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టినప్పుడు ఇది దానంతటదే పడిపోతుంది. లోపలుండే చిన్న చిప్ కంప్యూటర్ మొదలయ్యే తీరును గుర్తు పెట్టుకుంటుంది. అప్‌గ్రేడ్ వల్లనో, బయోస్ మార్చడం వల్లనో ఆ తీరు మారితే, వచ్చింది ఇంటివాళ్ళో పరాయివాళ్ళో దానికి తెలియదు. అందుకే తాళంచెవి అడుగుతుంది.

తాళంచెవి ఎక్కడ దొరుకుతుంది?

* ల్యాప్‌టాప్ కొన్నరోజు దాన్ని ఎవరి ఈమెయిల్‌తో మొదలుపెట్టారో గుర్తు తెచ్చుకోండి. మీవారిదా, అబ్బాయిదా? ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాని ఫోన్లో తెరిచి, 'డివైసెస్'లో వెతకండి. 48 అంకెలూ అక్కడ ఉండవచ్చు.
* ఒకటికన్నా ఎక్కువ కీలు కనబడితే, నీలం తెర మీదున్న 'కీ ఐడీ' మొదటి 8 అక్షరాలతో సరిపోయేది తీసుకోండి.
* ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ అయితే వాళ్ళ కంప్యూటర్ విభాగాన్ని అడగండి.
* పాత పెన్‌డ్రైవ్‌లు, బిల్లుల ఫైలులో ప్రింటు కాగితాలు కూడా చూడండి.

పిన్ మాత్రమే మర్చిపోతే ఇంత హడావుడి అక్కర్లేదు. నెట్ ఉంటే 'ఐ ఫర్గాట్ మై పిన్' నొక్కి, ఖాతా పాస్‌వర్డ్‌తో కొత్తది పెట్టుకోవచ్చు.

లోపలికి వెళ్ళారు గానీ ఫైళ్ళు కనబడలేదా? సి డ్రైవ్‌లో 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డర్‌లో 'యూజర్స్' తెరిచి చూడండి. అప్‌గ్రేడ్ అయిన 10 రోజులకి అది దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి ఆలస్యం చేయకండి.

ఇవి మాత్రం చేయకండి

కీ దొరికేదాకా 'రీసెట్', 'రిమూవ్ ఎవ్రీథింగ్' జోలికి పోవద్దు. రిపేరు షాపులో ఇస్తే, "నన్నడక్కుండా ఫార్మాట్ చేయొద్దు" అని ముందే గట్టిగా చెప్పండి. ఫార్మాట్ చేస్తే యంత్రం బాగుపడుతుంది, ఫోటోలు పోతాయి. హార్డ్ డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించడం మంచి ఉపాయమే గానీ, బిట్‌లాకర్ ఉంటే అక్కడా అదే కీ అడుగుతుంది. కీ పూర్తిగా పోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా కొత్తది ఇవ్వలేరు. కీ చెప్పమని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం వెంటనే పెట్టేయండి.

ముందు జాగ్రత్త

ఇంకా అప్‌గ్రేడ్ చేయనివారు అదృష్టవంతులు. ముందు ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి, బ్యాంకు పాస్‌బుక్‌లతో పాటు బీరువాలో దాచండి. ల్యాప్‌టాప్ సంచీలో మాత్రం పెట్టకండి, తాళం పక్కనే తాళంచెవి పెట్టినట్లవుతుంది! ముఖ్యమైన ఫోటోలు, కాగితాలు విడిగా హార్డ్ డిస్క్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేయండి. ఆవకాయ రెండు జాడీల్లో పెట్టుకోమా? ఒకటి బూజు పట్టినా రెండోది ఉంటుంది. ఫోటోలకీ అదే సూత్రం. ఈ ఆదివారమే ఆ పని చేసేయండి మరి!