మన ఖాతా తాళాన్ని తట్టి చూసే పరిశోధక విద్యార్థులు



"సార్, నేను ఫోన్‌పే గీన్‌పే వాడను. నాకు ఆ మోసాల భయం లేదు." బడికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఈ మాట అంటారు. గనిలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లయితే మరీ ధీమాగా అంటారు. ఈ ధీమా నిలుస్తుందా లేదా అన్నది ఒక పీహెచ్‌డీ విద్యార్థిని, ఆమె బృందం పరీక్షించారు. తేలిన సంగతిని దేశదేశాల పరిశోధకుల ముందు పెట్టారు. అది మన సాస్తి ఇళ్లకు కూడా సంబంధించిన సంగతి కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ సభ పేరు యూజ్‌నిక్స్ సెక్యూరిటీ సింపోజియం. కంప్యూటర్ భద్రత మీద ఏటా జరిగే పెద్ద సభల్లో ఇది ఒకటి. 2020 ఆగస్టులో కరోనా వల్ల ఆన్‌లైన్‌లోనే జరిపారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో అప్పుడు పీహెచ్‌డీ చేస్తున్న రేణుకా కుమార్, ప్రొఫెసర్ అతుల్ ప్రకాశ్, మరో ఇద్దరు కలిసి రాసిన పత్రం అందులో వచ్చింది. విషయం మన దేశపు యూపీఐ. 2016లో మొదలైన యూపీఐ మీద అప్పటికే కోట్లమంది డబ్బు పంపుకుంటున్నారు. కానీ దాని లోపలి పద్ధతి ఎంత గట్టిదో బయటివాళ్లు ఎవరూ పూర్తిగా విప్పి చూడలేదు. ఆ నియమాల పుస్తకం బయటికి ఇవ్వరు. అందుకని ఈ బృందం భీమ్, ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం వంటి ఏడు యాప్‌లను పట్టుకుని, అవి సర్వర్‌తో ఏం మాట్లాడుతున్నాయో గమనించి, లోపలి పద్ధతిని వెనక నుంచి కూడబలుక్కుంది. గడియారం ఎలా నడుస్తుందో ఎవరూ చెప్పకపోతే విప్పి చూసి నేర్చుకోవడం లాంటిదే.

ఇప్పుడు అసలు విషయం. యూపీఐలో మీ డబ్బుకు ఒకటి కాదు, మూడు తాళాలు ఉంటాయనుకోండి. మొదటిది మీ ఫోన్ నంబరు. యాప్ పెట్టగానే మీ ఫోన్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్తుంది. అది ఏ నంబరు నుంచి వచ్చిందో చూసి, 'ఈ ఫోన్ ఫలానావారిది' అని సర్వర్ రాసుకుంటుంది. రెండోది యాప్ తెరిచే పాస్‌కోడ్. మూడోది డబ్బు పంపేటప్పుడు కొట్టే యూపీఐ పిన్. మూడు తాళాలు విడివిడిగా గట్టివైతే ఒకటి పోయినా రెండు నిలబడాలి. పరిశోధకులు చూసింది ఏమిటంటే, మొదటి వెర్షన్‌లో ఇవి అంత విడివిడిగా లేవు. మీ ఫోన్లో దొంగ యాప్ ఒకటి చేరి, వచ్చే ఎస్సెమ్మెస్‌లు చదవగలిగితే, మీ నంబరును దొంగ తన ఫోన్‌కు కట్టుకునే దారి ఉండేది. నంబరు తెలిస్తే ఏ బ్యాంకులో ఖాతా ఉందో కూడా తెలిసిపోయేది. ఇక పిన్ మాటకొస్తే, కొత్త పిన్ పెట్టడానికి అడిగేవి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ. మొదటి రెండూ కార్డు మీదే అచ్చై ఉంటాయి. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లోనే వస్తుంది. కార్డు వివరాలు ఎలాగో దొరికాయా, మూడో తాళం కూడా ఊడినట్టే.

ఇక్కడ మన పెద్దవాళ్ల ధీమా సంగతి వస్తుంది. ఎన్నడూ యూపీఐ వాడని మనిషి ఖాతాను కూడా, అన్నీ దొంగకు కలిసొస్తే, అతని పేరుతోనే యూపీఐకి కలిపి ఖాళీ చేసే వీలుందని ఆ పత్రం చూపించింది. మీరు వాడకపోయినా, మీ ఖాతాకు నంబరు ముడిపడి ఉందిగా! అయితే బెంబేలు పడకండి. ఆ దారి పనిచేయాలంటే ముందు మీ ఫోన్లో దొంగ యాప్ దిగాలి. పైగా పరిశోధకులు చెప్పిన ముఖ్యమైన లోపాన్ని తర్వాత యూపీఐ 2.0లో సరిచేశారు.

"లోపం ఉందని నలుగురిలో చెప్తే దొంగలకు దారి చూపినట్టు కాదా సార్?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మన గనుల్లోనే ఉంది. అండర్‌గ్రౌండ్‌లో పని మొదలుకాక ముందు మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పు తట్టి చూస్తాడు. గట్టి చప్పుడొస్తే సరే. డొల్ల చప్పుడొస్తే కింద మనుషుల్ని నిలబడనివ్వడు, దన్ను పెట్టిస్తాడు. పైకప్పు డొల్లగా ఉందని చెప్పినందుకు సర్దార్‌ను ఎవరూ తిట్టరు కదా. ఈ పీహెచ్‌డీ విద్యార్థులు చేసేదీ తట్టి చూసే పనే. కాకపోతే వాళ్లకూ ఒక వరుస ఉంది. ముందు తయారుచేసిన సంస్థకు రహస్యంగా చెప్పాలి, సరిచేసుకునే గడువు ఇవ్వాలి, ఆ తర్వాతే సభలో చెప్పాలి. పరీక్షలు తమ సొంత ఫోన్ల మీద, సొంత ఖాతాల మీదే చేయాలి. తొమ్మిది, పది చదివే మగపిల్లలు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఇంకొకరి ఫోన్లోనో, ఖాతాలోనో అనుమతి లేకుండా దూరితే అది పరిశోధన కాదు, 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం నేరం.

సభలో పత్రం చోటు సంపాదించడం తేలిక కాదు. పత్రాన్ని ముందే పంపాలి. అదే రంగంలో పనిచేసేవాళ్లు ఇద్దరు ముగ్గురు దాన్ని చదివి, ఎక్కడ తప్పుందా అని గాలిస్తారు. వచ్చిన వాటిలో ఎక్కువ భాగం వెనక్కి పోతాయి. ఒప్పుకున్నవాటిని రాసినవాళ్లు వేదిక మీద కొన్ని నిమిషాల్లో చెప్పాలి. తర్వాత ఎవరైనా లేచి ప్రశ్న అడగొచ్చు. పక్క హాల్లో పోస్టర్లు ఉంటాయి, అంటే మన సైన్స్ ఎగ్జిబిషన్లో చార్టు పక్కన పిల్లలు నిలబడి చెప్పినట్టే. నా ఉద్దేశంలో అసలైన చదువు అక్కడే జరుగుతుంది. వేదిక మీద అప్పజెప్పడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎదురుగా నిలబడి "ఎందుకు?" అని నాలుగుసార్లు అడిగితే నిలవడం వేరు.

లోపలి సంగతులు బయట చెప్పడానికి ఒకప్పుడు పెద్ద చదువుల వాళ్లకే భయం ఉండేది. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ హెల్మన్ అనే ప్రొఫెసర్ రహస్య సంకేత లిపి మీద పనిచేస్తున్నారు. సందేశాన్ని దారిలో ఎవరూ చదవకుండా పంపే విద్య అది. ఆయన, విట్‌ఫీల్డ్ డిఫీ కలిసి అంతకు ముందు ఏడే ఒక గొప్ప పత్రం వేశారు. ఆయన దగ్గర పరిశోధన చేసిన రాల్ఫ్ మెర్కిల్, స్టీవ్ పోలిగ్ ఆ అక్టోబరులో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగే సభలో మాట్లాడాలి. ఈలోగా ఆ సభ పెట్టే సంఘానికి ఒక ఉత్తరం వచ్చింది. ఇలాంటివి బహిరంగంగా చెప్తే ఆయుధాల ఎగుమతి చట్టం కింద నేరం కావచ్చని అందులో ఉంది. రాసినాయన అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఉద్యోగి అని తర్వాత తేలింది. కేసు పెడితే ప్రొఫెసర్‌కు విశ్వవిద్యాలయం అండగా ఉండగలదు, విద్యార్థులకు అలా ఉండటం కష్టం అని వకీలు చెప్పాడు. ఆ కుర్రాళ్లు మొదట "మేమే చెప్తాం" అన్నారు. ఇంట్లోవాళ్లతో మాట్లాడాక వెనక్కి తగ్గారు. తల్లిదండ్రులు ఎక్కడైనా తల్లిదండ్రులే! చివరికి హెల్మన్ గారే ఇద్దరి పత్రాలనూ చదివారు. కానీ చదువుతున్నంత సేపూ ఆ ఇద్దరినీ వేదిక మీద తన పక్కనే నిలబెట్టుకున్నారు, పని ఎవరిదో అందరికీ తెలియాలని. ఏ కేసూ రాలేదు. డిఫీ, హెల్మన్‌లకు 2015 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. బ్యాంకు సైటు తెరిచినప్పుడు కొన్ని బ్రౌజర్లలో పైన కనబడే చిన్న తాళం గుర్తు వెనక వాళ్ల ఆలోచన ఉంది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చదువు చెబుతున్న నాకు, ఈ కథలో గణితం కన్నా ఆ పక్కన నిలబెట్టుకోవడమే ఎక్కువ నచ్చింది.

ఇదంతా అమెరికాలోనే అనుకోకండి. బల్లార్షాలో రైలెక్కితే చేరే హైదరాబాద్‌లో, మాసబ్ ట్యాంక్ దగ్గర ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఉంది. బ్యాంకుల సాంకేతిక పరిజ్ఞానం కోసమే 1996లో రిజర్వు బ్యాంకు పెట్టింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంతో కలిసి అక్కడ పీహెచ్‌డీ చేయిస్తారు. పరిశోధన ఇంకా సగంలో ఉన్న విద్యార్థులు తమ పనిని పెద్దల ముందు పెట్టి సలహాలు తీసుకునే డాక్టోరల్ కలోక్వియం కూడా నిర్వహిస్తారు. సమాచార భద్రత మీద 2005లో కోల్‌కతాలో మొదలైన ఐసీఐఎస్‌ఎస్ అంతర్జాతీయ సభ 2008లో, 2014లో, 2019లో హైదరాబాద్‌లోనే జరిగింది.

"పీహెచ్‌డీ అంటే ఇంకా ఐదేళ్లు ఫీజులు కట్టాలా?" అని భయపడే నాన్నలకు ఒక మాట. జేఆర్‌ఎఫ్ వచ్చిన విద్యార్థికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. పదో తరగతి తర్వాత గణితం వదలకుండా ఇంజనీరింగో, డిగ్రీయో చేసి, గేట్ లేదా నెట్ రాస్తే దారి తెరుచుకుంటుంది. తెలుగు మీడియం అడ్డం కాదు. పత్రం ఇంగ్లీషులో రాయాలి, నిజమే. కానీ "ఈ తాళం నిజంగా పడిందా?" అన్న అనుమానం ఏ భాషలో పుట్టినా ఒకటే.

మళ్లీ ఇంటికొద్దాం. ఆ పత్రంలో దొంగకు మొదటి మెట్టు దొంగ యాప్ అని చెప్పాను కదా. అది మన ఫోన్లలోకి ఇవాళ వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతోనో, బండి చలానా పేరుతోనో, బ్యాంకు కేవైసీ పేరుతోనో వస్తోంది. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది పత్రిక కాదు, యాప్. ఎవరు పంపినా నొక్కొద్దు, మేనమామ నంబరు నుంచి వచ్చినా సరే. ఆయన ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ తెరిచి, ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఏయే యాప్‌లకు ఉందో ఒకసారి చూడండి. టార్చిలైటు యాప్‌కు, ఆటల యాప్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని? తీసేయండి. డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

ఈసారి మన బడి విజ్ఞాన ప్రదర్శనలో ఒక బల్ల దీనికోసమే వేస్తున్నాం. తొమ్మిదో తరగతి పిల్లలు అక్కడ కూర్చుని, మీ ఫోన్లో ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో మీ చేతే తీయించి చూపిస్తారు. ఫోన్ మీ చేతిలోనే ఉంటుంది. వాళ్లను నాలుగు ప్రశ్నలు గట్టిగా అడగండి. యూపీఐ వాడని తాతలు, నానమ్మలు ముందు రండి. పిన్ మాత్రం ఎవరికీ చెప్పొద్దు, మా పిల్లలకు కూడా.