ట్రైల్‌కీ బైక్ పార్కుకీ ఒకే సైకిల్.. ఏది కొంటే డబ్బు దండగ కాదు?

కెనడాలోని వ్యాంకూవర్, సర్రే వైపు చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లల్లో కొందరికి మొదటి వేసవిలోనే కొత్త సరదా అంటుకుంటుంది. అదే మౌంటెన్ బైకింగ్. ఒక ఆదివారం ఇంటికి ఫోన్ వస్తుంది. "అబ్బా, సైకిల్ ఒకటి కొనుక్కోవాలి." "కొనుక్కో బేటా, అడగాలా? ఎంతంటా?" "ఐదు వేల డాలర్లు." కెనడా డాలర్‌ని 60 రూపాయలు వేసుకున్నా మూడు లక్షలు. ఆ డబ్బుకి ఇక్కడ బుల్లెట్ బండి వచ్చి ఇంకా మిగులుతుంది. సైకిల్‌కి మూడు లక్షలా అని ఇక్కడ అమ్మీ, అబ్బా ఇద్దరూ నోరెళ్లబెడతారు.

ధర సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు వేరే ఉంది. అక్కడ కొండ మీద సైకిల్ తొక్కడం రెండు రకాలు. ఒకటి ట్రైల్ రైడింగ్. నార్త్ వ్యాంకూవర్‌లోని ఫ్రోమ్ కొండ గానీ, స్క్వామిష్ అడవులు గానీ చూస్తే, పైదాకా సొంత కాళ్లతో తొక్కుకుంటూ వెళ్లాలి. గంట ఎక్కితే పావుగంట దిగుతారు. రెండోది బైక్ పార్క్. వ్యాంకూవర్‌కి సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని విస్లర్‌లో 1999 నుంచి నడుస్తున్న పార్క్ ప్రపంచంలోనే పేరున్నది. చలికాలంలో స్కీయింగ్ వాళ్లను మోసే లిఫ్టులే వేసవిలో సైకిళ్లను పైకి మోస్తాయి. ఎక్కే పని లేదు, దిగడమే. రోజుకి పది పన్నెండు సార్లు దిగడం మామూలే.

మొదటి పనికి తేలికగా, తొక్కడానికి హాయిగా ఉండే సైకిల్ కావాలి. రెండో పనికి దెబ్బలు తట్టుకునే మొండి సైకిల్ కావాలి. జేబులో డబ్బు మాత్రం ఒక్క సైకిల్‌కే ఉంది.

సైకిల్ ముందు ఫోర్కు, వెనక షాక్ ఎంత మేర కుంగుతాయో ఆ కొలతని 'ట్రావెల్' అంటారు. ట్రైల్ సైకిళ్లకు 120 నుంచి 150 మిల్లీమీటర్లు, ఎండ్యూరో అనే రకానికి 160 నుంచి 180, పూర్తి డౌన్‌హిల్ సైకిళ్లకు 200. ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదనుకుంటే పొరపాటే. ఎక్కువ కుంగే సైకిల్ సాధారణంగా బరువెక్కువ. పైగా పెడల్ మీద వేసిన బలంలో కొంత స్ప్రింగే తినేస్తుంది. డౌన్‌హిల్ సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని మురిసిపోయి కొనేవాళ్లున్నారు. దాని సీటు బాగా కిందికి ఉంటుంది, గేర్లు కూడా ఎక్కడానికి వేసినవి కావు. ఫ్రోమ్ మీదికి దాన్ని నెట్టుకుంటూ పోవాల్సిందే.

రెండో సంగతి ఫోర్కు వాలు. క్రూయిజర్ మోటార్‌సైకిళ్లకు ముందు చక్రం బాగా ముందుకు చాచినట్టు ఉంటుంది కదా. నేరుగా వేగంగా పోయేటప్పుడు అది నిలకడగా ఉంటుంది, ఇరుకు సందులో తిప్పాలంటే మాత్రం చికాకు. ఇక్కడా అంతే. వాలు 63 డిగ్రీల దగ్గరుంటే నిటారు దిగుళ్లలో ధైర్యంగా ఉంటుంది. 65, 66 ఉంటే నెమ్మదిగా తొక్కే మలుపుల్లో సులువు. రెండు పనులకూ ఒకటే అంటే 64 చుట్టుపక్కల చూసుకోవడం మేలు. స్పెషలైజ్డ్ వారి స్టంప్‌జంపర్ ఈవో లాంటి వాటిలో ఈ వాలుని కొంత మార్చుకునే ఏర్పాటు కూడా ఉంది.

అందుకే రెండింటికీ ఒకటే కావాలనేవాళ్లు ఎక్కువగా ముందు 160, వెనక 150 దగ్గర ఆగుతారు. స్టంప్‌జంపర్ ఈవో, నోర్కో సైట్, ట్రాన్సిషన్ సెంటినెల్ ఈ కొలతల్లోనే వచ్చాయి. ఎక్కేటప్పుడు ప్రాణం తీయవు, విస్లర్‌లో నీలం గుర్తు దారులన్నీ, అలవాటయ్యాక ఎ-లైన్ లాంటి నల్ల గుర్తు జంప్ దారీ దిగొచ్చు.

అయితే ఇదే అందరికీ సరైనదని చెప్పలేం. ఏడాదికి పార్కుకి ఎన్ని రోజులు వెళ్తారన్నది ముందు కాగితం మీద రాసుకోవాలి. మనసులో అనుకునే లెక్క కాదు, నిజంగా వెళ్లే లెక్క. లిఫ్ట్ టికెట్, పెట్రోలు, సెలవు, అన్నీ చూస్తే పార్ట్‌టైమ్ పని చేసుకునే కుర్రాడు మూడు నాలుగు రోజుల కంటే ఎక్కువ వెళ్లడం కష్టం. విస్లర్‌లో డౌన్‌హిల్ సైకిల్ అద్దె రోజుకి 150 డాలర్ల పైనే అనుకోండి. నాలుగు రోజులకు 600. దిమ్మతిరిగే మొత్తంలా ఉన్నా, ఆ నాలుగు రోజుల కోసం బరువైన సైకిల్ కొని మిగతా వారాలన్నీ కొండ మీదికి ఈడ్చుకెళ్లడం కంటే నయం. పైగా పార్కు దెబ్బలన్నీ అద్దె సైకిలే తింటుంది. అలాంటివాళ్లు 140 మిల్లీమీటర్ల ట్రైల్ సైకిల్ తీసుకుని పార్కులో అద్దెకి తీసుకోవచ్చు. పదీ పదిహేను రోజులు ఖాయంగా వెళ్లేవాళ్లకు మాత్రం 160, 170 ఉన్న ఎండ్యూరోనే లాభం.

పార్కు దెబ్బలు అని ఊరికే అనలేదు. అక్కడ ఒక్క రోజులో దిగే ఎత్తు, ట్రైల్ మీద వారాల తరబడి దిగే దానితో సమానం. బ్రేక్ ప్యాడ్లు కొద్ది రోజుల్లోనే అరిగిపోతాయి. ఫోర్కు సర్వీసు గంటల లెక్కన ఉంటుంది, ఆ గంటలు పార్కులో గబగబా నిండిపోతాయి. సైకిల్ ధర చెప్పేటప్పుడు ఈ ఖర్చు ఎవరూ చెప్పరు.

ఉన్న సైకిల్‌నే పార్కుకి సిద్ధం చేయాలంటే ముందు చూడాల్సింది టైర్లు. ట్రైల్ సైకిళ్లకు బరువు తగ్గించడానికి పల్చటి గోడల టైర్లు వేసి అమ్ముతారు. పార్కు రాళ్లకు అవి చిరిగిపోతాయి. మందపాటి గోడలున్న టైర్లు ఒక జత కొని ఉంచుకుని, పార్కుకి వెళ్లే వారం మార్చుకుంటే చాలు. తర్వాత బ్రేకులు. నాలుగు పిస్టన్లవి, 200 మిల్లీమీటర్ల డిస్కులు ఉండాలి. దిగుతున్నంతసేపూ బ్రేక్ పట్టే ఉంచితే చిన్న డిస్కు వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

ఇంకొకటి చాలామంది చూడరు. ఎన్నో కంపెనీలు ఎఎస్‌టిఎం ఎఫ్2043 ప్రకారం 1 నుంచి 5 దాకా ఒక అంకె ఇస్తాయి. ఫ్రేమ్ మీద స్టిక్కర్‌గా గానీ మాన్యువల్‌లో గానీ ఉంటుంది. 3 అంటే 60 సెంటీమీటర్ల లోపు దూకుళ్లకే. 4 అంటే ఎగుడుదిగుడు దారుల్లో 40 కిలోమీటర్ల లోపు వేగంతో దిగడానికి. 5 అంటే డౌన్‌హిల్, పెద్ద జంపులు. 3 రాసున్న సైకిల్‌తో పార్కులో దూకి ఫ్రేమ్ విరగ్గొట్టుకుంటే వారంటీ వర్తించదని చెప్పే హక్కు కంపెనీకి ఉంటుంది. వారంటీ కన్నా ముందు విరిగేది పళ్లో భుజమో అనేది వేరే విషయం. మన ఊళ్లలో పది పదిహేను వేలకు అమ్మే 'డబుల్ సస్పెన్షన్' సైకిళ్లు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయి గానీ, ముందూ వెనకా స్ప్రింగులున్నంత మాత్రాన అవి ఈ పనికి పుట్టినవి కావు.

హెల్మెట్ డబ్బు సైకిల్ బడ్జెట్‌లోంచే పక్కన పెట్టాలి, మిగిలితే చూద్దాం అనుకోకూడదు. పార్కుకి గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్, డౌన్‌హిల్ ప్రమాణమైన ఎఎస్‌టిఎం ఎఫ్1952 రాసున్నది కావాలి. గడ్డం భాగం ఊడదీసుకునే రకాల్లోనూ ఈ ప్రమాణం ఉన్నవి దొరుకుతాయి, ఎక్కేటప్పుడు ఉడకపోయకుండా ఉంటుంది. హిజాబ్ వేసుకునే అమ్మాయిలు లోపల వేసుకునే పల్చటి టోపీతోనే సైజు చూసుకోవాలి, పిన్నులు ఉండకూడదు. ఆరోగ్య బీమా సంగతీ కనుక్కోవాలి. బ్రిటిష్ కొలంబియాకి కొత్తగా వెళ్లినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య పథకం మొదలవడానికి, చేరిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన మరో రెండు నెలలు పడుతుంది. మధ్యలో తీసుకునే ప్రైవేటు పాలసీల్లో సాహస క్రీడల గాయాలకు మినహాయింపు రాసి ఉండొచ్చు. ఆ పేజీ చదవకుండా లిఫ్ట్ ఎక్కొద్దు.

కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు సెప్టెంబరు, అక్టోబరు దాకా ఆగితే సీజన్ అయిపోయి ధరలు దిగుతాయి. పాతది తీసుకుంటే ఫ్రేమ్ అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు, ఫోర్కు గొట్టాల మీద గీతలు, వెనక చక్రాన్ని పక్కకి ఊపితే కదలిక, ఈ మూడూ చూడాలి. వారంటీ చాలా కంపెనీల్లో మొదటి యజమానికే. డబ్బు ఇచ్చే ముందు పెడల్స్ దగ్గర అడుగున ఉండే సీరియల్ నంబర్‌ని 529 గ్యారేజ్‌లో కొట్టి చూస్తే, దొంగ సైకిల్‌గా నమోదై ఉంటే అక్కడే బయటపడుతుంది.