ముందుగా రావలసిన పరామర్శ

మన ఊళ్ళలో ఒక ఇంట మరణము సంభవించినప్పుడు ఇరుగుపొరుగువారు, బంధువులు పరామర్శకు వెళ్ళుట తరతరాల ఆచారము. ముస్లిం కుటుంబాలలో రోగిని చూడబోవుటను 'ఇయాదత్' అని పిలుస్తారు. దానిని పుణ్యకార్యముగా భావిస్తారు. మంచము పట్టిన మనిషి పక్కన పది నిమిషాలు కూర్చుండి, అతని మాట విని, ధైర్యము చెప్పి వచ్చుట మనకందరికీ తెలిసిన మర్యాదయే. కాని మనసు మంచము పట్టినప్పుడు ఇయాదత్‌కు వెళ్ళేవారు అరుదు. మనలో దయ లేక కాదు. ఆ రోగము కంటికి కనబడదు. కనబడినా ఏమి మాట్లాడవలెనో మనకు తెలియదు. తీరా ప్రాణము పోయిన తరువాత అందరమూ పరామర్శకు వెళ్తాము. ఆ పరామర్శ ముందుగానే వెళ్ళవచ్చుననియు, దానికి పెద్ద చదువులు అక్కరలేదనియు తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ విషయము నాకు పుస్తకముల వలన తెలిసినది కాదు. కొన్ని సంవత్సరముల క్రితము నేను వేరొక కళాశాలలో పనిచేస్తున్న రోజులలో, ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు సాయంత్రము గంట కొట్టిన తరువాత అధ్యాపకుల గది గుమ్మము దగ్గర నిలబడ్డాడు. "సార్, సంవత్సరం మధ్యలో టి.సి. తీసుకోవచ్చునా?" అని అడిగాడు. "ఆఫీసులో గుమాస్తా గారిని అడుగు బాబూ" అని చెప్పి, బస్సు వేళ అగుచున్నదని నేను వెళ్ళిపోయాను. వారము తిరుగకముందే అతడు ప్రాణము తీసుకొనబోగా ఇంటివారు సమయానికి చూచి కాపాడారని తెలిసినది. ఆసుపత్రికి చూడబోయినప్పుడు అతడు నెమ్మదిగా, "ఆ రోజు టి.సి. కోసం రాలేదు సార్. ఎందుకు అని మీరు అడుగుతారనుకున్నాను" అన్నాడు. నేడు అతడు క్షేమముగా ఉద్యోగము చేసుకొంటున్నాడు. నేను మాత్రము ఆ మాట మరువలేదు. అతని ప్రశ్నకు జవాబు చెప్పాను గాని, అతని మాట వినలేదు.

ఒక ఉద్యమము పుట్టుక

వినుటనే ఒక సేవగా మలచిన వ్యక్తి ఇంగ్లండు దేశపు మతాచార్యుడు చాడ్ వరా (1911–2007). ఆయన 1935లో యువకుడుగా చర్చి సేవలో ప్రవేశించిన తొలి రోజులలో, లింకన్ పట్టణములో పదునాలుగేండ్ల బాలిక అంత్యక్రియలను జరుపవలసి వచ్చినది. ఆమె రజస్వల అయినది. అది ప్రకృతిసిద్ధమైన మార్పు అని చెప్పేవారు లేక, తనకు ఏదో సిగ్గుమాలిన వ్యాధి సోకినదని భ్రమపడి ఆ పసిది ప్రాణము తీసుకొన్నది. ఒక్క మనిషితో ఒక్క ప్రశ్న అడుగగలిగి ఉంటే ఆమె బ్రతికి ఉండేదన్న ఆలోచన చాడ్ వరాను జీవితాంతము వెంటాడినది.

1953 నవంబరు 2వ తేదీన ఆయన లండన్ నగరములోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఒక టెలిఫోను పెట్టుకొని, ఆత్మహత్య ఆలోచన కలవారు తనతో మాట్లాడవచ్చునని ప్రకటించారు. ఫోనులు వచ్చినవి, మనుష్యులు స్వయముగా కూడ వచ్చారు. ఆయనను చూచుటకు వేచి ఉన్నవారికి తేనీరు ఇచ్చి, తోడుగా కూర్చుండుటకు కొందరు సామాన్యులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చారు. కొలది రోజులలోనే ఆయన ఒక విశేషము గమనించారు. ఈ సామాన్యులతో మనసు విప్పి మాట్లాడిన పిమ్మట చాలామందికి లోపలి గదిలోని ఆచార్యునితో పని లేకపోయెడిది! ఆయన అహము దెబ్బతినలేదు. 1954 ఫిబ్రవరిలో ఫోను ఎత్తే పనిని ఆ స్వచ్ఛంద సేవకులకే అప్పగించారు. ఒక దినపత్రిక పెట్టిన పేరును బట్టి ఈ సంస్థకు 'సమారిటన్స్' అను పేరు స్థిరపడినది. తరువాత ఇతర దేశములలోని ఇటువంటి సంస్థలను కలుపుతూ 1974లో 'బిఫ్రెండర్స్ ఇంటర్నేషనల్' ఏర్పడినది.

ఆ పేరు క్రైస్తవ గాథ నుండి వచ్చినను, ఫోను చేసిన వానికి మతబోధ చేయుట ఈ సేవలో మొదటి నుండియు నిషిద్ధము. వచ్చినవాని మతము, కులము, నడవడి అడుగకుండుట దీని నియమము.

సేవకుని పని

స్వచ్ఛంద సేవకుడు వైద్యుడు కాడు, గురువు కాడు, న్యాయమూర్తి కాడు. అతడు స్నేహితుని వలె వింటాడు. మాట బయటికి పొక్కనీయడు. తప్పు పట్టడు. సలహాలు గుప్పించడు. చెప్పుటకు సులభముగా ఉన్న ఈ నియమములు ఆచరణలో కష్టము. కనుకనే ఇట్టి సంస్థలు అభ్యర్థులను పరీక్షించి ఎన్నుకొని, శిక్షణ యిచ్చిన తరువాతనే ఫోను దగ్గర కూర్చుండనిస్తాయి.

ఒక ఉదాహరణ చెప్పుకొందాము. "ఫెయిలయ్యాను, ఇంటికి ఏ ముఖముతో పోను?" అని ఒక విద్యార్థి అన్నాడనుకొందాము. మనము వెంటనే ఏమంటాము? "ఇంతమాత్రానికే ఇంత దిగులా? మగపిల్లవాడివి, ధైర్యం తెచ్చుకో" అంటాము. మన ఉద్దేశము మంచిదే. కాని అతనికి వినబడునది వేరు: 'నీ బాధ చిన్నది, ఇక మాట్లాడవద్దు.' శిక్షణ పొందిన సేవకుడు, "ఇంటి మాట తలచుకొంటే భయంగా ఉన్నట్లున్నది. ఇంట్లో ఏమవుతుందనుకొంటున్నావు?" అని అడిగి ఊరకుంటాడు. అప్పుడు తండ్రి దుబాయిలో ఎండలో పనిచేసి పంపిన ఫీజు డబ్బు సంగతి, చెల్లెలి పెండ్లి అప్పు సంగతి, బంధువుల ఎత్తిపొడుపుల సంగతి ఒకటొకటిగా బయటికి వస్తాయి. సమస్య తీరలేదు, బరువు మాత్రము తగ్గినది. ఆత్మహత్య ఆలోచన పలువురిలో అల వలె లేచి తగ్గునది. అల ఉద్ధృతముగా ఉన్న ఆ వేళలో ఒక తోడు దొరికినచో మనిషి ఒడ్డున పడగలడు.

కొన్ని అపోహలు

మొదటిది: చస్తానని అనేవాడు చావడని మన లోకోక్తి వంటి నమ్మకము. ఇది ప్రమాదకరమైన పొరపాటు. ప్రాణము తీసుకొన్నవారిలో చాలామంది అంతకు ముందు ఏదో ఒక రూపములో ఆ మాట ఎవరితోనో సూచించినవారే. ఇష్టమైన వస్తువులను పంచిపెట్టుట, నిద్ర, ఆహారము మానుట, స్నేహితులకు దూరమగుట, "నేను లేకపోతే మీకు సుఖం" వంటి మాటలు, చాలాకాలపు దుఃఖము తరువాత అకస్మాత్తుగా కలిగే వింత ప్రశాంతత — ఇవన్నియు గమనింపదగిన గుర్తులు.

రెండవది: "ప్రాణము తీసుకోవాలనే ఆలోచన వస్తున్నదా?" అని సూటిగా అడిగితే, లేని ఆలోచనను మనమే కలిగించినట్లగునన్న భయము. ఈ భయమునకు ఆధారము లేదని మానసిక వైద్యుల అనుభవము. అడిగినప్పుడు బాధితుడు చాలాసార్లు ఊపిరి పీల్చుకొంటాడు. తాను ఒంటరిగా మోసిన మాటను మరొకరు ధైర్యముగా పలికినారు గదా!

మూడవది మన సమాజమునకు సంబంధించినది. ఆత్మహత్య ఇస్లాంలో హరామ్. ఇతర మతములును దానిని సమ్మతింపవు. కాని ఈ నిషేధము ప్రాణము విలువను చాటుటకే గాని, బాధపడేవాని నోరు మూయించుటకు కాదు. "అటువంటి ఆలోచనే పాపం" అని గద్దించిన చోట ఆలోచన పోదు, మాట మాత్రము ఆగిపోతుంది. పరువు పోవునని, ఇంటి ఆడపిల్లలకు సంబంధములు రావని దాచిపెట్టే కుటుంబములలో రోగి మరింత ఒంటరివాడగును.

మన దేశములో

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో భారతదేశములో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకొన్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. అనగా రోజుకు సగటున 35 మందికి పైగా. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన రోజులలో మన పొరుగిళ్ళ పిల్లలే ప్రాణములు విడిచిన సంగతి మనము మరువలేము. ప్రతి మరణము వెనుక కారణములు అనేకము ఉంటాయి. ఒక్క పరీక్ష మాత్రమే కారణమనుట సరికాదు. అయినను ఫలితముల వారము అపాయకరమైన వారమని గుర్తించుట అవసరము. ఫెయిలైనవారు అదే సంవత్సరము సప్లిమెంటరీ పరీక్ష వ్రాసి, ఏడాది పోకుండ ముందుకు సాగవచ్చునను సమాచారము ఆ రోజున ప్రతి ఇంటికి చేరవలెను.

మన దేశమున 1986లో మదరాసు నగరములో మానసిక వైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 'స్నేహ' అను సంస్థను స్థాపించారు. మన జంటనగరములలో 'రోష్ని' అను సంస్థ ఇదే మార్గములో స్వచ్ఛంద సేవకులతో పనిచేస్తూ వచ్చినది. ఒకటి సంస్కృత పదము, మరియొకటి ఉర్దూ పదము. ఒకటి చెలిమి, మరియొకటి వెలుగు. ప్రభుత్వము కూడ 2022 అక్టోబరు 10న 'టెలి మానస్' సేవను ప్రారంభించినది. 14416 నంబరుకు రాత్రింబవళ్ళు, రుసుము లేకుండ, తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో మాట్లాడవచ్చును.

చట్టము కూడ మారినది. పూర్వము భారత శిక్షాస్మృతి 309వ సెక్షను క్రింద ఆత్మహత్యాయత్నము నేరము. పోలీసు కేసు అగునని భయపడి కుటుంబములు ఆసుపత్రికి వెళ్ళుటకే జంకేవి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టివారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్షింపరాదన్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో నిర్బంధించుటకో, అడ్డుకొనుటకో చేసే ప్రయత్నము మాత్రమే నేరముగా మిగిలినది.

మన కళాశాల ఏమి చేయవచ్చును?

బాధలో ఉన్న మనిషి నేర్చుకొన్న భాషలో కాక, ఇంటి భాషలో మాట్లాడుతాడు. తెలుగు పిల్లవాడు "ఏమీ తోచడం లేదు" అంటాడు. దక్కనీ మాట్లాడే పిల్లవాడు "దిల్ నై లగ్ రా" అంటాడు. ఈ రెండు మాటల వెనుక ఉన్న చీకటిని రెండు వైపుల నుండి అర్థము చేసుకొనగలవారు మన విద్యార్థులు. ఇది మన కళాశాలకు గల ప్రత్యేకమైన సంపద.

పాలకవర్గము వారికి నా విన్నపములు నాలుగు. నోటీసు బోర్డు మీద, హాలు టికెట్ల పంపిణీ చోట 14416 నంబరు వ్రాయించవలెను. వారమునకు రెండు గంటలు ఒక గదిని ఈ పనికి కేటాయించి, అనుభవము గల సంస్థ చేత కొందరు అధ్యాపకులకు, పెద్ద తరగతుల విద్యార్థులకు శిక్షణ యిప్పించవలెను. వారిలో స్త్రీలు తప్పక ఉండవలెను. ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉన్న ఆడపిల్ల తన మాట ఇంట్లో చెప్పుకొనలేదు. ఫలితముల దినమున కళాశాల తలుపులు తెరచి ఉంచి, తప్పినవారి పేర్లు పిలువక, వారి పక్కన కూర్చుండేవారిని నియమించవలెను.

విద్యార్థి మిత్రులారా! మీ స్నేహితుడు అపాయములో ఉన్నాడని తోచినచో అతనిని ఒంటరిగా విడువకండి. ప్రమాదకరమైన వస్తువులను అందుబాటులో ఉంచకండి. పెద్దవారికో వైద్యునికో తెలియజేయండి. రహస్యము కాపాడుట గొప్పదే. ప్రాణము అంతకంటె గొప్పది. విని ఊరకుండుట చాలని సమయములు ఉంటాయి. వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళవలసిన సమయములును ఉంటాయి. ఆ భారము మీరొక్కరే మోయనక్కరలేదు.

ఒకవేళ ఈ పుటను చదువుతున్న మీరే ఆ బాధలో ఉన్నచో, ఎవరో ఒకరి గుమ్మము దగ్గరకు రండి. టి.సి. గురించి అడిగినా సరే. నా మట్టుకు నేను, ఇప్పుడు గంట కొట్టిన తరువాత వెంటనే బస్సుకు బయలుదేరుట మానుకొన్నాను.