ఒక కణం పుట్టుక వెతికితే.. కెరియర్‌కు దారి

వికారాబాద్, తాండూరు కాలేజీల్లో బీజెడ్‌సీ, బయోటెక్నాలజీ చదివేవాళ్లను 'డిగ్రీ అయ్యాక ఏంటి?' అని అడగండి. బీఈడీ, గ్రూప్స్, లేదంటే ఫార్మా కంపెనీ అంటారు. పరిశోధన అనగానే 'అది మనకెక్కడ' అనేస్తారు. కానీ సైన్సులో పెద్ద పనులు చాలాసార్లు చిన్న ప్రశ్నతోనే మొదలవుతాయి. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ కథే చూడండి.

ఏంటీ క్యాన్సర్?
థైరాయిడ్ గ్రంథిలో ఎక్కువ భాగం ఫాలిక్యులర్ కణాలే. అయోడిన్‌ను పీల్చుకుని థైరాయిడ్ హార్మోన్లు తయారు చేసేది ఇవే. వీటి పక్కనే కొద్ది సంఖ్యలో సి కణాలుంటాయి. వీటి పని కాల్సిటోనిన్ అనే హార్మోన్ తయారీ. 1959లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు ఈ క్యాన్సర్‌ను ప్రత్యేక రకంగా గుర్తించారు. ఇది సి కణాల నుంచే వస్తుందని 1966లో బ్రిటన్ పాథాలజిస్టు ఇ.డి. విలియమ్స్ ప్రతిపాదించారు. మొత్తం థైరాయిడ్ క్యాన్సర్లలో దీని వాటా దాదాపు 5 శాతం లోపే.

ఏ కణమో తెలిస్తే ఏం లాభం? చాలా ఉంది. సి కణాలు అయోడిన్‌ను పీల్చుకోవు. అందుకే మిగతా థైరాయిడ్ క్యాన్సర్లకు వాడే రేడియో అయోడిన్ చికిత్స దీనిపై పనిచేయదు. ఆపరేషనే ప్రధాన మార్గం. రక్తంలో కాల్సిటోనిన్ ఎంతుందో చూసి వ్యాధిని కనిపెట్టవచ్చు.

పాఠం మారింది
మరి సి కణాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఫ్రాన్స్ శాస్త్రవేత్త నికోల్ లె దువారిన్ కంజు పిట్ట కణాలను కోడి పిండంలో అమర్చి, అవి ఎటు వెళ్తున్నాయో గమనించారు. పక్షుల్లో ఇవి నాడీ వ్యవస్థకు మూలమైన న్యూరల్ క్రెస్ట్ నుంచి వస్తాయని తేల్చారు. క్షీరదాల్లోనూ అంతేనని పుస్తకాలు రాసుకున్నాయి. 2015లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన మికాయెల్ నీల్సన్ బృందం ఎలుక పిండాల్లో కణాలకు జన్యుపరమైన గుర్తు వేసి చూస్తే వేరే సంగతి బయటపడింది. ఎలుకల్లో సి కణాలు ఎండోడర్మ్ అనే లోపలి పొర నుంచే వస్తున్నాయి! దశాబ్దాల పాఠాన్ని ఒక ప్రయోగం తిరగరాసింది.

ఇంటిల్లిపాదికీ సంబంధం
ఈ క్యాన్సర్‌లో దాదాపు నాలుగో వంతు కేసులు వంశపారంపర్యం. కారణం రెట్ అనే జన్యువులో మార్పు. ఈ సంబంధం 1993లో బయటపడింది. తల్లికో తండ్రికో ఆ మార్పు ఉంటే ఒక్కో బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. ముందే పరీక్ష చేస్తే, క్యాన్సర్ రాకముందే గ్రంథి తీసేసి పిల్లల్ని కాపాడవచ్చు. రెట్‌ను అడ్డుకునే సెల్పర్‌కాటినిబ్ మందుకు 2020లో అమెరికా అనుమతి ఇచ్చింది.

ఇక్కడ మీ పనేంటి?
కణజాలాన్ని పలుచగా కోసి రంగు అద్దే హిస్టోపాథాలజీ టెక్నీషియన్, డీఎన్ఏ చదివే మాలిక్యులర్ ల్యాబ్ నిపుణులు, కుటుంబానికి విషయం అర్థమయ్యేలా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్, పరిశోధకులు.. వీళ్లంతా కలిస్తేనే ఆ బిడ్డ బతికేది.

* ఇంటర్ తర్వాత డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ చేస్తే ల్యాబ్ ఉద్యోగాలకు వెళ్లొచ్చు.
* డిగ్రీ తర్వాత సీపీగెట్ రాస్తే ఉస్మానియాలో జెనెటిక్స్ లాంటి ఎమ్మెస్సీ కోర్సుల్లో చేరొచ్చు. బయోటెక్నాలజీకి గాట్-బి మరో దారి.
* ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే సీఎస్ఐఆర్ నెట్ రాయొచ్చు. జేఆర్ఎఫ్ వస్తే మొదట్లో నెలకు రూ. 37,000. సిలబస్‌లో పిండాభివృద్ధి, క్యాన్సర్ రెండూ ఉన్నాయి.

సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఎక్కడో లేవు, హైదరాబాద్‌లోనే ఉన్నాయి. బేగంపేటలో జన్యు వ్యాధుల ఆస్పత్రి ఉంది. ఈ వారం జువాలజీ పుస్తకంలో పిండాభివృద్ధి పాఠం తెరవండి. 'ఇది ఎలా తెలిసింది?' అని పక్కన రాసుకుంటూ చదవండి. ఇంటర్వ్యూ బోర్డు అడిగేదీ ఆ ప్రశ్నే.