ఇంజను నాడి చూపే ముల్లు

పాత అంబాసిడర్ కారు ఎత్తు ఎక్కలేకపోతున్నదని షెడ్డుకు తీసుకువెళితే, చాలాచోట్ల మొదట వినిపించే మాట "రింగులు పోయాయి, ఇంజను దించాలి" అన్నదే. ఒప్పుకుంటే వేలకు వేలు ఖర్చు. తీరా అంతా విప్పి బిగించాక కూడా బండి మునుపటిలాగే మూలుగుతుంటే, లోపం మసితో పూడిపోయిన సైలెన్సర్‌లో ఉన్నదని అప్పుడు తెలుస్తుంది. ఒక్క బోల్టు విప్పకముందే ఈ తేడాను పసిగట్టగల చిన్న సాధనం ఉన్నది. అరచేతిలో ఇమిడే ఆ గుండ్రని పరికరమే వాక్యూం గేజి.

పెట్రోలు ఇంజనులో పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని పీలుస్తుంది. ఐడిలింగ్‌లో కార్బురేటర్ లోని త్రాటిల్ రేకు దాదాపు మూసుకొని ఉంటుంది గనుక, కావలసినంత గాలి అందక మ్యానిఫోల్డులో పాక్షిక శూన్యం ఏర్పడుతుంది. దానిని పాదరసపు అంగుళాలలో కొలుస్తారు. గేజిని రబ్బరు గొట్టంతో మ్యానిఫోల్డుకు తగిలించి, ఇంజను బాగా వేడెక్కిన తరువాత చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజను, సముద్రమట్టం దగ్గర, ముల్లును 17 - 21 అంగుళాల మధ్య ఒకేచోట కదలకుండా నిలుపుతుంది. డీజిల్ ఇంజనులకు సాధారణంగా త్రాటిల్ రేకు ఉండదు. వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పేవారు సగం సంగతే గ్రహిస్తారు. నాడిలో వలెనే ఇక్కడా నడక ముఖ్యం. ముల్లు నిలకడగానే ఉండి రెండు మూడు అంగుళాలు తగ్గితే ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడి ఉండవచ్చు. మరీ దిగజారితే మ్యానిఫోల్డు గాస్కెట్ దగ్గర గాలి చొరబడుతున్నదేమో చూడాలి. లయ తప్పకుండా, ఉండి ఉండి చటుక్కున పడి లేస్తుంటే ఏదో ఒక వాల్వు కాలిపోయి సరిగా మూసుకోవడం లేదని అనుమానించాలి. ఐడిలింగ్‌లో గజగజ వణికి, వేగం పెంచగానే కుదుటపడితే అరిగినవి వాల్వు గైడ్లు; వేగంతోపాటు ఊగిసలాట కూడా పెరిగితే బలం తగ్గినవి వాల్వు స్ప్రింగులు.

ఇక రింగుల మాట. యాక్సిలరేటర్‌ను ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలినప్పుడు ముల్లు సున్న దాకా పడి, 24 - 25 వరకు ఎగసి, తిరిగి యథాస్థానం చేరితే రింగులు బాగున్నట్లే. సైలెన్సర్ పూడిన బండిలో ఐడిలింగ్ అంకె మామూలుగానే కనిపించవచ్చు. కాని వేగాన్ని నిమిషానికి 2,500 చుట్ల దగ్గర పట్టి ఉంచితే, పొగ బయటకు పోయే దారి లేక ముల్లు మెల్లమెల్లగా దిగిపోతూనే ఉంటుంది. షెడ్డులో ఐదు నిమిషాల పని ఇది. వాల్వుల మీద అనుమానం కలిగినా, హెడ్ విప్పేముందు కంప్రెషన్ పరీక్షతో నిర్ధారించుకోవడం మేలు.

కొండ ప్రాంతాలలో మరొక చిక్కు ఉన్నది. ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. చెన్నైలో 19 చూపిన ఇంజను, 7,300 అడుగులకు పైబడిన ఉదకమండలంలో 12 చూపితే అది జబ్బు కాదు. జబ్బే అనుకొని, అంకె పెంచడానికి టైమింగ్‌ను ముందుకు జరిపితే, బండి మైదానానికి దిగి బరువు లాగేటప్పుడు ఇంజను టకటకమని కొట్టుకోవడం మొదలుపెడుతుంది.