నల్ల గోళం లెక్కలో ఎండ

రామగుండంలో 44 డిగ్రీలు, మచిలీపట్నంలో 38. టీవీలో ఈ అంకెలు చూసినవాళ్లెవరైనా స్లాబు పోసే కూలీకి బందరే నయమంటారు. డబ్ల్యూబీజీటీ మీటరు మాత్రం ఆ మాట ఒప్పుకోదు.

వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అన్నది దాని పూర్తి పేరు. చూడటానికి ఒకే స్టాండుకు బిగించిన మూడు థర్మామీటర్లు, అంతే. ఒకటి ఎండ తగలకుండా ఉంచిన మామూలుది. రెండోదాని బుడ్డికి తెల్లని నూలుగుడ్డ తొడిగి, దాని కొసను నీళ్లలో ముంచి, ఎండకూ గాలికీ వదిలేస్తారు. మూడోది 15 సెంటీమీటర్ల రాగి గోళం నడుమన ఉంటుంది. ఆ గోళానికి మెరుపులేని నల్లరంగు పూస్తారు. ఎండ, కాలిన కాంక్రీటు, ఇనుప చువ్వలు విసిరే సెగను పట్టేది అదే.

ఈ గోళం పుట్టింది చలిదేశంలో. గదిలోని వెచ్చదనం మనిషికి ఎంత హాయిగా ఉంటుందో తేల్చడానికి 1930ల తొలినాళ్లలో ఇంగ్లండులో హెచ్.ఎం. వెర్నాన్ దీన్ని వాడాడు. దాన్ని ఎండలోకి తెచ్చింది అమెరికా సైన్యం. దక్షిణ కరొలినాలోని పారిస్ ఐలాండ్ శిబిరంలో వేసవి కవాతుకు కొత్త సైనికులు వడదెబ్బ తగిలి పడిపోయేవారు. హార్వర్డు శాస్త్రవేత్త యాగ్లూ, నౌకాదళ వైద్యుడు మినార్డ్ కలిసి 1957లో ఈ మూడు అంకెల సూత్రాన్ని ప్రచురించారు. 1920ల్లోనే ఇలాంటి సూచీ ఒకటి తయారుచేసినవాళ్లలో యాగ్లూ కూడా ఉన్నాడు. కానీ దానికి గాలివేగం కొలవాలి, పటం చూసి లెక్క తేల్చాలి. కవాతు చేయించే సార్జెంటుకు అంత ఓపికెక్కడిది?

కొత్త సూత్రంలో తడిగుడ్డ అంకెకు 70 శాతం వాటా, గోళానికి 20, మామూలు థర్మామీటరుకు 10. తడిగుడ్డకే పెద్దపీట ఎందుకంటే ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడమే. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీల వేడి పోతుంది. ఆరకుండా కారిపోయిన చెమట వల్ల ఒరిగేదేమీ లేదు. తీరంలో గాలి తేమకు చెమట సరిగా ఆరదు, అక్కడ కుండనీళ్లు చల్లబడకపోవడానికీ కారణం ఇదే.

లెక్క కోసం రామగుండంలో తడిగుడ్డ 22, గోళం 58 చూపాయనుకుందాం. డబ్ల్యూబీజీటీ 31.4 వస్తుంది. బందరులో అవి 29, 52 అయితే 34.5. అలాగని 31.4 చల్లదనమేమీ కాదు, చువ్వలు మోసేవాడికి అదీ ప్రమాదమే.

ఈ అంకె కూడా పలుచని మామూలు పనిబట్టలు వేసుకున్నవాడికే సరిపోతుంది. అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ లెక్కలో రెండు పొరల నేతబట్టకు 3 డిగ్రీలు కలపాలి. ఆవిరిని బయటికి పోనివ్వని కవరాలుకైతే ఏకంగా 11. అందరికీ ఒకే సైజు ప్లాస్టిక్ జాకెట్లు పంచి, విప్పినవాడిని మేస్త్రి తిట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది. బిగుతైతే లోపల గాలి ఆడదు, వదులైతే చువ్వలకు తగులుకుంటుంది. వలబట్ట జాకెట్టు ఒంటి కొలతకు తగ్గట్టు ఇస్తే విప్పాలనిపించదు. హెల్మెట్టూ అంతే. లోపలి పట్టీని తలకు సరిగ్గా బిగిస్తేనే డిప్పకూ తలకూ మధ్య ఖాళీ నిలుస్తుంది. దెబ్బను ఆపేది ఆ ఖాళీయే, కాస్త గాలి ఆడేదీ అక్కడే.

కొత్తగా చేరినవాళ్ల సంగతి వేరు. ఒళ్లు ఎండకు అలవాటు పడేదాకా వాళ్లకే ముప్పు ఎక్కువ. మొదటిరోజు ఎండలో ఐదోవంతు పనే ఇచ్చి, రోజుకో ఐదోవంతు చొప్పున పెంచమని అమెరికా సంస్థ నియోష్ చెబుతుంది.

కరీంనగర్, నిజామాబాద్ నుంచి వెళ్లిన మనవాళ్లు ఎందరో పనిచేసే ఖతార్‌లో 2021 నుంచి ఈ మీటరుకు చట్టబలం వచ్చింది. డబ్ల్యూబీజీటీ 32.1 దాటితే, గడియారంతో పనిలేకుండా ఆరుబయట పని ఆపాల్సిందే. పై లెక్కలోని బందరు స్లాబు అక్కడైతే ఆగిపోయేది.

అయితే మీటరును సైటు ఆఫీసు వరండాలో తగిలిస్తే లాభం లేదు. పని జరిగే చోటే ఎండలో పెట్టి, గోళం నిలకడకు రావడానికి 20-25 నిమిషాలు ఆగాలి. గుడ్డకు శుద్ధిచేసిన నీళ్లే పొయ్యాలి. బోరునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని గుడ్డ సరిగా తడవదు. అప్పుడు అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, దాంతో మేస్త్రి మీటరునే నమ్మడం మానేస్తాడు.